పాత కట్టడాల ఎన్‌గ్రేవింగ్ ప్రింట్: ఏ రకం కొనాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

మా ఫ్లాట్‌లో సోఫా వెనక గోడ రెండేళ్ళు ఖాళీగా ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఒక సలహా పడేసి పోయారు. ఏడు గుర్రాల బొమ్మ పెట్టమని ఒకరు, బుద్ధుడి కాన్వాస్ పెట్టమని ఇంకొకరు. నాకేమో పాత కట్టడాల ఎన్‌గ్రేవింగులంటే, అంటే రేకు మీదో చెక్క మీదో గీతలుగా చెక్కి అచ్చువేసిన బొమ్మలంటే పిచ్చి. స్తంభాలు, కమానులు, గోడల్లో మొలిచిన చెట్లు, కింద చీమల్లా మనుషులు. అలాంటిది ఒకటి పెద్దది పెట్టుకోవాలని కోరిక.

వెతకడం మొదలుపెట్టాక టెన్షన్ మొదలైంది. 18వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పిరనేసి గీసిన రోమ్ కొలోసియం ఒక సైటులో వందల్లో ఉంది, ఇంకోచోట వేలల్లో ఉంది, వేలంపాటల్లో లక్షల్లో ఉంది. ఫోన్‌లో చూస్తే మూడూ ఒకటే బొమ్మ! తేడా ఎక్కడుందో తెలుసుకునేసరికి కొంత డబ్బు పోయింది, ఒక మంచి ప్రింటు పాడైపోయింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నా లెక్క ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్ళకి. ఎన్‌గ్రేవింగ్ అంటే గీత. గీత విడివిడిగా, పదునుగా కనిపిస్తే ప్రింటు మంచిది. కాగితం పాతగా, గోధుమరంగులో, టీ ఒలికినట్టు కనిపించడం మంచితనానికి గుర్తు కాదు. ఆ 'వింటేజ్ లుక్' చాలాసార్లు గీత సరిగ్గా లేదని దాచడానికి వేసే ముసుగు.

బొమ్మ ఎలా పుట్టిందో ముందు చూసుకోండి

ఏ ప్రింటింగ్ మంచిది అని అందరూ అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది, ఆ బొమ్మను మొదట ఎలా చేశారు అని. దాన్నిబట్టే మీ ప్రింటు ఎలా ఉండాలో తేలుతుంది.

పిరనేసి (1720–1778) వెనిస్ దగ్గర పుట్టి రోమ్‌లో స్థిరపడినవాడు. ఆర్కిటెక్ట్‌ని అని గట్టిగా చెప్పుకునేవాడు కానీ కట్టింది ఒక్క చర్చి. మిగతాదంతా రాగిరేకుల మీదే కట్టాడు. రోమ్ దృశ్యాలవే 135 రేకులు. పని ఇలా జరిగేది. రాగిరేకుకి మైనం లాంటి పూత పూస్తారు, దాని మీద సూదితో గీస్తారు, యాసిడ్‌లో పెడతారు. గీసినచోట రాగిని యాసిడ్ తింటుంది. ఎంతసేపు తింటే గీత అంత లోతు, పట్టే ఇంకు అంత ఎక్కువ, నలుపు అంత చిక్కన. దీనికి ఎచింగ్ అని పేరు, ఉలితో నేరుగా చెక్కితేనే ఎన్‌గ్రేవింగ్. షాపులవాళ్ళు రెండింటినీ ఎన్‌గ్రేవింగ్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటున్నాను.

ఈ బొమ్మలో బూడిదరంగు లేనే లేదు. కొలోసియం కమాను కింద నీడని భూతద్దం పెట్టి చూడండి. మొదట ఒక వరస వాలుగీతలు, వాటికి అడ్డంగా ఇంకో వరస, మూల చీకట్లో మూడో వరస. బుట్ట అల్లినట్టు ఉంటుంది. ఆ అల్లిక సందుల్లోంచి తెల్ల కాగితం కనిపిస్తూ ఉంటుంది. దూరంనుంచి చూస్తే నీడ, దగ్గరికెళ్తే గీతలు. చవక ప్రింటులో ఆ సందులు మూసుకుపోతాయి. అప్పుడు నీడ మసిబొగ్గు మెత్తినట్టు అయిపోతుంది. అంటే పిరనేసికి కావాల్సింది రంగు కాదు, సన్నదనం.

మన దేశం బొమ్మలు వేసిన ఇంగ్లీషు చిత్రకారులు థామస్, విలియం డేనియల్ సంగతి వేరు. 1786 నుంచి 1793 దాకా మన దేశమంతా తిరిగి, లండన్ వెళ్ళాక 1795–1808 మధ్య 144 ప్లేట్లు అచ్చువేశారు. తంజావూరు పెద్దగుడి, మహాబలిపురం రాళ్ళు, ఢిల్లీ జామా మసీదు, కాశీ ఘాట్లు అన్నీ అందులోవే. ఎల్లోరా గుహలవే 24 ఉన్నాయి, వాటికి మూలం జేమ్స్ వేల్స్ గీసిన బొమ్మలు. ఎల్లోరా 1948 దాకా మన నిజాం సంస్థానంలోదే కదా, అందుకే నాకు వాటి మీద కొంచెం ఎక్కువ మమకారం.

డేనియల్స్ పద్ధతి ఆక్వాటింట్. రాగిరేకు మీద రెజిన్ పొడి చల్లి, వేడిచేసి అంటించి, యాసిడ్‌లో పెడతారు. గీతలకు బదులు సన్నటి రవ్వలా మచ్చలు పడతాయి, చూడ్డానికి నీటిరంగులా ఉంటుంది. దానిమీద చేత్తో రంగులు దిద్దేవాళ్ళు. చేత్తో దిద్దారు కాబట్టి ఒక కాపీలో ఆకాశం నీలం, ఇంకో కాపీలో కాస్త పసుపు. 'ఒరిజినల్ కలర్స్' అని అమ్మేవాళ్ళు ఏ కాపీ రంగులో చెప్పగలరా? ఇక్కడ కావాల్సింది రంగుని బాగా పట్టే ప్రింటరు, నునుపు తక్కువ ఉన్న కాగితం.

ఇక మూడో జాతి, 19వ శతాబ్దం వారపత్రికల్లో వచ్చిన చెక్క ఎన్‌గ్రేవింగులు. 1842లో లండన్‌లో మొదలైన ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ లాంటివాటిలో మన ఊళ్ళ బొమ్మలు కూడా వచ్చేవి. ఇవి పత్రిక పేజీలో సగమో పావో ఉండే బొమ్మలు. వీటిని మూడడుగులకి పెంచితే గీతలు తాళ్ళలా లావెక్కుతాయి. చిన్నగా, నాలుగైదు కలిపి పెట్టుకుంటే బాగుంటాయి. పెద్దగోడకి పనికిరావు.

చార్మినారే కావాలి అనేవాళ్ళు హైదరాబాద్‌లో ఎక్కువే. డేనియల్స్ 144లో చార్మినార్ లేదు. ఇంటర్నెట్‌లో దొరికే 'చార్మినార్ ఎన్‌గ్రేవింగ్' చాలామటుకు ఫొటోకి ఫిల్టర్ వేసినదే. మినార్ల చుట్టూ గీతలన్నీ ఒకే మందంలో, ఒకే వాలులో ఉంటే అది కంప్యూటర్ గీసినది. పాత హైదరాబాద్ కావాలంటే ఎన్‌గ్రేవింగ్ పట్టుదల వదిలేసి రాజా దీన్ దయాళ్ ఫొటోల వైపు వెళ్ళడం మేలు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన.

అసలుది, మళ్ళీ తీసినది, పోస్టరు, పిగ్మెంట్ ప్రింటు

ఆ కాలంలోనే అచ్చయిన ఒరిజినల్ కాగితం గురించి ఎక్కువ చెప్పను. తెలిసిన డీలరు, అసలుదేనని చూపే పత్రాలు, డబ్బు మూడూ ఉన్నవాళ్ళకే అది. మూడింట్లో ఒకటి తక్కువైనా వద్దు.

మళ్ళీ తీసిన ముద్రల గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మోజు దీనిమీదే ఎక్కువ. పిరనేసి పోయాక ఆయన కొడుకులు రాగిరేకుల్ని పారిస్ తీసుకెళ్ళారు. 1838లో పోప్ ప్రభుత్వం వాటిని కొని రోమ్‌కి తిరిగి తెచ్చింది. ఇప్పటికీ రోమ్‌లోనే భద్రంగా ఉన్నాయి. ఆ రేకుల నుంచి ఆయన పోయాక కూడా చాలాకాలం ముద్రలు తీస్తూనే వచ్చారు. రేకు అసలుదే, ముద్ర కొత్తది. వినడానికి ఎంత బాగుందో! కాగితం అంచు చుట్టూ రేకు నొక్కిన గుర్తు కూడా ఉంటుంది, వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది.

కానీ రాగి మెత్తన. ప్రెస్సులో నొక్కిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. ముందుగా పోయేవి సన్నగీతలే, అంటే ఆకాశం, మబ్బులు, దూరంలో కనిపించే గుమ్మటాలు. అరిగిన రేకు నుంచి తీసిన ముద్రలో నీడలు చప్పబడతాయి. కొందరు దాన్ని కప్పడానికి ఇంకు ఎక్కువ పూస్తారు, అప్పుడు బరువుగా కనిపిస్తుంది. అందుకని నా మాట ఇది. 1760ల నాటి మంచి ముద్రని మ్యూజియం వాళ్ళు స్కాన్ చేసి పెడితే, దాన్నుంచి ఇవాళ హైదరాబాద్‌లో తీసుకున్న ప్రింటులో చాలాసార్లు ఆలస్యంగా తీసిన 'అసలు రేకు' ముద్రకంటే ఎక్కువ గీతలు కనిపిస్తాయి. వస్తువు మీద ప్రేమ ఉంటే రేకు ముద్ర కొనండి. బొమ్మ మీద ప్రేమ ఉంటే అక్కర్లేదు. నొక్కుడు గుర్తు ఉంది కదా అని కూడా మోసపోవద్దు, ఖాళీ రేకుతో నొక్కి ఆ గుర్తు తెప్పించడం పెద్ద విద్యేం కాదు.

పోస్టర్లంటే ఆఫ్‌సెట్‌లో వేలల్లో వేసేవి. వీటి గుట్టు తెలుసుకోవడానికి నగలవాళ్ళు వాడే పదిరెట్ల భూతద్దం చాలు. పెట్టి చూస్తే గీత స్థానంలో వరసగా చుక్కలు కనిపిస్తాయి, పేపర్లో సినిమా ఫొటో చూసినట్టు. ఆరడుగుల దూరంనుంచి చూసే గోడకి పర్లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక్కోసారి పాత ఆర్కిటెక్చర్ పుస్తకాలు దొరుకుతాయి. వాటిలో మడతపెట్టిన పెద్ద ప్లేట్లు మంచి కాగితం మీద, చక్కగా అచ్చయి ఉంటాయి. అదృష్టం బాగుంటే పోస్టరు ధరలో సగానికే వస్తుంది. పుస్తకం చించడానికి చెయ్యి రాదు, అది వేరే సంగతి. అట్ట ఊడిపోయిన పుస్తకం అయితే నేను మొహమాటపడను.

కాన్వాస్ ప్రింటు వద్దు. ఎందుకు వద్దో ఒక్క ముక్కలో చెప్తాను. కాన్వాస్‌కి దాని నేత గీతలు దానికుంటాయి, పిరనేసి గీతల మీద అవి వచ్చి కూర్చుంటాయి. ఆయిల్ పెయింటింగ్‌కి నప్పుతుంది, దీనికి నప్పదు.

ఇక నేను తీసుకోమనేది పిగ్మెంట్ ఇంకుతో, అంటే సన్నటి రంగుపొడి కలిపిన ఇంకుతో తీసే ఇంక్‌జెట్ ప్రింటు. దీన్నే జిక్లే అని గొప్పగా అమ్ముతారు. 1991లో అమెరికాలో పెట్టిన పేరు అది, 'చిమ్మడం' అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఆ పేరు వింటే ధర పెరుగుతుంది కానీ పేరుకి ఏ హామీ లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇంకు పిగ్మెంటా, రంగు కరిగించి చేసే డై ఇంకా? డై అయితే పడమటి ఎండ తగిలే గోడ మీద తొందరగా వెలిసిపోతుంది. కాగితం నూలుదా, మామూలు గుజ్జుదా? పూర్తి నూలు కాగితం, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి గ్రాముల బరువు) దగ్గరిది అయితే చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది, శుభలేఖ అట్టకంటే బరువుగా, మెత్తగా ఉంటుంది. మామూలు గుజ్జు కాగితం పాత వారపత్రికల్లా పచ్చబడుతుంది.

అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇది. "బొమ్మలో ఒక మూల, ఫైనల్ సైజులోనే, ఒక ఏ4 ముక్క తీసి చూపిస్తారా?" మొత్తం బొమ్మని చిన్నగా తీసిన శాంపిల్ వద్దు, దాన్ని చూసి ఏమీ తెలియదు. నీడ ఎక్కువున్న మూల ఎంచుకోండి. ఆ ముక్కకి డబ్బు తీసుకున్నా ఇచ్చేయండి. ముక్క ఇవ్వడానికి విసుక్కునే స్టూడియో దగ్గర పెద్ద ప్రింటు చేయించకండి.

బడ్జెట్ బాగా తక్కువైతే ఆర్కిటెక్చర్ కాలేజీల దగ్గరి జిరాక్స్ షాపులు ఉన్నాయి. అక్కడ పిల్లలు షీట్లు తీసుకునే ప్లాటరు ఉంటుంది. నలుపు గీతల బొమ్మకి అది ఎంత బాగా పనిచేస్తుందో చూసి ఆశ్చర్యపోయాను. ప్లాన్లు, ఎలివేషన్లు గీయడానికి పుట్టిన యంత్రం కదా, సన్నగీత దాని సొంతపని. కాగితం పలచన, నాలుగేళ్ళు ఉంటే గొప్ప. అయినా ఒక బొమ్మ మీ గోడ మీద బాగుంటుందో లేదో తెలియనప్పుడు ముందు ప్లాటరులో ఒకటి తీయించి, టేపుతో అంటించి, నెలరోజులు చూడండి. నేను ఇలా మూడు బొమ్మలు వద్దనుకున్నాను.

ఫైలు దగ్గరే సగం ఆట

ఈ బొమ్మలకి కాపీరైట్ ఎప్పుడో పోయింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన పబ్లిక్ డొమైన్ బొమ్మల్ని ఉచితంగా ఇస్తోంది. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం కూడా అంతే. డేనియల్స్ కోసం యేల్ సెంటర్ ఫర్ బ్రిటిష్ ఆర్ట్ చూడండి. అంటే ఆన్‌లైన్‌లో 'డిజిటల్ డౌన్‌లోడ్' అని అమ్మేవి చాలామటుకు మ్యూజియంలో ఊరికే దొరికే ఫైళ్ళే.

లెక్క సులువు. అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున ఏ3కి 4961 బై 3508 పిక్సెల్స్ కావాలి, ఏ2కి 7016 బై 4961. సోఫా వెనక గోడ లాంటి దూరపు గోడకి అంగుళానికి 200 ఉన్నా నడుస్తుంది. అంతకంటే తగ్గితే సైజు తగ్గించండి, ఫైలుని పెంచకండి.

పెంచడం గురించే ఒక హెచ్చరిక. చిన్న ఫైలుని ఏఐతో పెద్దది చేసి అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. గీతల బొమ్మల్లో ఏఐ తనకి తోచిన గీతలు వేసేస్తుంది. కనిపెట్టడం తేలికే. పిరనేసి బొమ్మ కింద ఇటాలియన్‌లో శీర్షిక, ఒక్కోసారి అక్షరాల గుర్తులతో వివరాలు చెక్కి ఉంటాయి. వాటిని జూమ్ చేయండి. అక్షరాలు అక్షరాల్లా ఉంటే ఫైలు మంచిది. ఏ భాషకీ చెందని వంకరగీతలుగా ఉంటే వదిలేయండి. అసలు ఆ కింది శీర్షికనే కోసేసి అమ్ముతుంటే, ఎందుకు కోశారో ఆలోచించండి.

ఇంకొకటి. టీవీలో సన్నచారల చీర కట్టుకున్న యాంకరు కదిలితే తెర మీద చీర అలలు అలలుగా మెరుస్తుంది కదా, ఎన్‌గ్రేవింగ్ ఫైలుని అడ్డదిడ్డంగా చిన్నది చేస్తే ప్రింటులోనూ అదే వస్తుంది. ఆకాశం మీద లేని మబ్బుచారలు పడతాయి. టెస్టు ముక్కలో ఆకాశం కూడా కొంచెం ఉండేలా చూసుకోమనేది అందుకే.

సైజు విషయంలో నా పక్షపాతం పెద్దవైపే. పిరనేసి రోమ్ దృశ్యాల రేకులు చాలామటుకు 40 బై 60 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటాయి, కొన్ని ఇంకా పెద్దవి. అంటే ఏ2 దాదాపు అసలు సైజు. అదే బొమ్మని ఏ4లో తీస్తే గీతల మధ్య సందులు సగానికి కుంచించుకుపోతాయి, చీకటి మూలలన్నీ నల్లముద్దలవుతాయి. మూడు ఏ4లు పెట్టే గోడకి ఒక్క ఏ2 పెట్టండి.

ఇంట్లోవాళ్ళు, గోడ, ఫ్రేము

నేను మొదట మోజుపడింది పిరనేసి జైళ్ళ బొమ్మల మీద. 1750 ప్రాంతంలో 14 ప్లేట్లుగా వేసి, 1761లో మళ్ళీ దిద్ది 16 చేశాడు. ఎక్కడికీ పోని మెట్లు, గొలుసులు, వేలాడే తాళ్ళు. అద్భుతం. ప్లాటరు కాపీ అంటించిన రోజే మా అమ్మ చూసి, "జైలు బొమ్మ నట్టింట్లో ఏంట్రా, నీకు ఇంకేం దొరకలేదా" అంది. పోనీ అని రోమ్ శిథిలాలు పెడితే, కూలిపోయిన గోడల బొమ్మలు ఇంటికి మంచివి కావని మా అత్తగారు. నవ్వుకోవచ్చు కానీ ఇది కూడా ఎంపికలో భాగమే. రోజూ చూసి ముఖం చిట్లించుకునే బొమ్మ ఆర్నెల్లలో అటకెక్కుతుంది. చివరికి హాల్లోకి డేనియల్స్ తంజావూరు గుడి వచ్చింది, అందరూ సంతోషం. జైలు నా కంప్యూటర్ టేబుల్ పైన ఉంది. గుళ్ళూ వద్దు, శిథిలాలూ వద్దు అనే ఇళ్ళకి కొలతలతో గీసిన స్తంభాల ప్లేట్లు, భవనాల ముఖభాగాలు సరిగ్గా సరిపోతాయి. కోఠి రెసిడెన్సీ ముందు నిలబడి ఆ స్తంభాలని ఒక్కసారి తలెత్తి చూసినవాళ్ళకి అవి పరాయివిగా అనిపించవు.

ఇప్పుడు నా పాడైపోయిన ప్రింటు సంగతి. విదేశాల నుంచి వస్తున్న స్నేహితుడితో ఒక రేకు ముద్ర తెప్పించుకున్నాను. చిన్నదే, కానీ అంచు చుట్టూ నొక్కుడు గుర్తు, దాని బయట రెండంగుళాల ఖాళీ కాగితం. దేవుడి పటాలు కట్టే ఒక ఫ్రేమ్ షాపులో ఇచ్చి వచ్చాను. రెండ్రోజుల తర్వాత వెళ్తే మెరిసిపోతూ ఉంది. ఖాళీ కాగితం వేస్టని కోసేశాడు. నొక్కుడు గుర్తు దాంతోపాటే పోయింది. వెనక ఎండీఎఫ్ పలకకి జిగురుతో పూర్తిగా అంటించి, పైన లామినేషన్ చేశాడు. "గట్లనే మంచిగుంటది సార్, నీళ్ళు పడ్డా ఏం గాదు" అన్నాడు. నిజంగా మంచి చేశాననే అనుకున్నాడు పాపం. చెప్పకపోవడం నాదే తప్పు.

అప్పటినుంచి చీటీ రాసి ప్రింటు వెనక క్లిప్పు పెట్టి ఇస్తున్నాను. కోయొద్దు. జిగురొద్దు. లామినేషన్ వద్దు. పైఅంచున రెండుచోట్ల కాగితపు టేపుతో వేలాడదీస్తే చాలు. ముందు మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) వెయ్యాలి, అది ఆసిడ్-ఫ్రీ బోర్డు కావాలి. మౌంట్ అందం కోసమే అనుకుంటారు చాలామంది. అది అద్దానికీ కాగితానికీ మధ్య గాలి ఉంచుతుంది. మన జూలై, ఆగస్టు తేమకి కాగితం అద్దాన్ని తాకితే అతుక్కుపోతుంది, లాగితే ఇంకు అద్దానికే ఉండిపోతుంది. బీడింగ్ (ఫ్రేము చుట్టూ ఉండే పట్టీ) మాత్రం సన్నది, నలుపో ముదురు చెక్కరంగో తీసుకోండి. బంగారురంగు పూలబీడింగ్ వేస్తే పిరనేసి ఎవరో తాతగారి పటంలా కనిపిస్తాడు.

ఖర్చు పంచుకోవడం గురించి అడిగితే, ఫ్రేముకి ప్రింటుకంటే ఎక్కువ అవుతుంది, గుండె గట్టి చేసుకోండి. డబ్బు మిగల్చాలనుకుంటే బీడింగ్‌లో మిగల్చండి, మౌంట్‌లో కాదు. ఎండ సూటిగా పడే గోడ, బాత్రూమ్‌తో కలిసిన గోడ రెండూ వదిలేయండి. బాత్రూమ్ గోడ పైకి పొడిగా కనిపిస్తుంది, ఒక వానాకాలం గడిచాక ఫ్రేము విప్పి చూస్తే వెనక బూజు.

కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్లలో ఉన్నవాళ్ళయితే గోడలు ఇటుక కాకుండా మైవాన్ కాంక్రీటు (అచ్చుల్లో పోసినది) అయ్యుంటాయి. మేకు దిగదు. అద్దంతో కలిపి ఏ2 ఫ్రేము బరువు తక్కువేం ఉండదు, గమ్ హుక్కుల్ని నమ్మి వేలాడదీయకండి. హ్యామర్ డ్రిల్ ఉన్న మనిషిని పిలిపించి రెండు రంధ్రాలు వేయించుకోండి. రంధ్రాలు వేసేముందు ఫ్రేము వెనక తీగ లాగి పట్టుకుని ఎత్తు కొలుచుకోండి. మా గోడకి ఇప్పుడు తంజావూరు గుడి వెనక మూడో రంధ్రం కూడా ఉంది.